చౌకరకపు చిన్న కెమెరా - దాని గుణదోషములు



సూరతు నగరమునకు దక్షిణముగా, బొంబాయి పోవు రైలుమార్గముపై, భేస్తాన్, మరోలీ స్టేషనుల నడుమ నున్న సచిన్ నేడు కర్మాగారముల పేరుతోనే లోకమునకు తెలిసియున్నది. పెద్ద పారిశ్రామిక వాడ యొకటి, ప్రత్యేక ఆర్థిక మండలి యొకటి యిచ్చట నున్నవి. కేంద్ర ప్రభుత్వ కొలువులు చేతబట్టుకొని తెలుగువారు కొందరు ఈ ప్రాంతమునకు వచ్చిరి. వారికంటె ముందుగనే కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పద్మశాలి కుటుంబములు మగ్గమును నమ్ముకొని సూరతు చేరినవి. పుట్టిన యూరికి వందల కిలోమీటర్ల దూరమున బ్రతుకువారి యింట ఫొటో అనునది విలాసవస్తువు కాదు. స్వగ్రామమున కన్నుమూసిన నాయనమ్మ ముఖమును ఇచ్చట పుట్టిన మనుమరాలు ఎరుగుటకు అదియే దారి.

అట్టి యిండ్లలో ఇటీవల ఒక ప్రశ్న తిరిగి వినవచ్చుచున్నది. జేబులో ఇముడు చౌకరకపు డిజిటల్ కాంపాక్ట్ కెమెరాను కొనవచ్చునా? కొన్నచో లాభమా, నష్టమా? పది పదునైదేండ్ల క్రిందట జీతపు బాకీలు చేతికందినపుడో, పండుగ బోనసు వచ్చినపుడో కొనిన కెమెరాలు ఎన్నో యిండ్లలో బీరువా అడుగున పడియున్నవి. తండ్రి మూలకు త్రోసినదానిని కళాశాలలో చదువు కుమార్తె వెదకి పైకి దీయుచున్నది. పాత కాంపాక్ట్ కెమెరాలపై యువజనులకు మరల మోజు పుట్టుట ఒక్క సూరతులోనే కాదు, దేశదేశములందు కానవచ్చుచున్నది.

ఈ వస్తువు కథ పొడుగైనది కాదు. కాంతిని విద్యుత్తుగా గ్రహించు సి.సి.డి. అను పరికరమును 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బోయిల్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు కల్పించిరి. 1975లో కొడాక్ సంస్థలోని యువ ఇంజనీరు స్టీవెన్ సాసన్ దానితో తొలి డిజిటల్ కెమెరాను నిర్మించెను. ఆ యంత్రము తీసిన బొమ్మలో ఉన్నవి పదివేల చుక్కలు మాత్రమే. దానిని క్యాసెట్టు టేపుపై వ్రాయుటకు 23 సెకండ్లు పట్టెడిది. అక్కడనుండి మొదలిడి 2010 నాటికి ఏటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు అమ్మకమునకు వెలువడు స్థితి వచ్చెను. అందు అత్యధిక భాగము చిన్న కాంపాక్టులే. పిదప సెల్ ఫోను వచ్చి ఆ విపణిని కొల్లగొట్టినది. జపాను కెమెరా తయారీదారుల సంఘము లెక్కల ప్రకారము 2023లో అన్ని తరగతుల కెమెరాలను కలిపినను 80 లక్షలు కూడ లేవు.

చౌక కెమెరా మీది మక్కువ మాత్రము పాతదే. ఆగ్ఫా క్లిక్ 3 అను పెట్టె కెమెరా ఈ గుజరాతులోనే, బరోడాలో తయారై దేశమంతట అమ్ముడుపోయినది. ఒక ఫిల్మునకు పండ్రెండు బొమ్మలు. ఆ పండ్రెండింటిని ఎవరిపై వ్యయము చేయవలెనో యింటిల్లిపాదియు కూర్చుండి నిర్ణయించెడివారు. పెండ్లికుమార్తెకు రెండు, తాతగారికి ఒకటి, గుడి ముందర అందరికిని కలిపి ఒకటి. మిగిలినవి తిరుగు ప్రయాణమునకు దాచెడివారు. ఫిల్ము కడిగించుటకు స్టూడియోకు ఇచ్చి వారము దినములు వేచియుండెడివారు. చేతికి వచ్చిన ప్రతి బొమ్మయు ఆల్బములో నాలుగు మూలల నడుమ ఒదిగి కూర్చుండెడిది.

ఫొటోగ్రఫీ ప్రభుత్వోద్యోగుల కూటమికి పరాయి విషయమనుకొనువారు ఒక సంగతి గుర్తుంచుకొనదగును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై హైదరాబాదు వైభవమును చిరస్థాయిగా నిలిపిన రాజా దీన్ దయాళ్ తొలుత ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖ ఉద్యోగి. 1866లో కొలువున చేరి, కొలువులో ఉండగనే 1874 ప్రాంతమున కెమెరా పట్టెను. అంచనాలు, నక్షలు తయారుచేసిన చేయి అది. కార్యాలయపు చేతికి కెమెరా అచ్చిరాదను మాట చెల్లదు.

ఇక గుణములు. కాంపాక్టు కెమెరా చేయు పని ఒక్కటే. అది మ్రోగదు, నడుమ సందేశములు తేదు. బాలుని చేతికి సెల్ ఫోను ఇచ్చుటకు జంకు తల్లి ఈ కెమెరాను నిశ్చింతగా ఇయ్యవచ్చును. అందు తీసిన బొమ్మ తనంతట తాను ఏ అంతర్జాల ఖాతాలోనికిని పోదు. ఎవరైన పనిగట్టుకొని పంపినగాని కార్డులోనే యుండును. ఆడపిల్లల ఫొటోలు ఎచ్చట తేలునోయని బెంగపడు రోజులలో ఇది చిన్న గుణము కాదు. కొన్ని చౌకరకములు, క్యానన్ ఎ శ్రేణివి, నికాన్ కూల్‌పిక్స్ ఎల్ శ్రేణివి వంటివి, ఏ కిరాణా కొట్టులోనైనను దొరకు పెన్సిలు సెల్లులతో నడచును. తిరుపతి కొండపైనను, సచిన్ స్టేషను ముంగిటను ఆ సెల్లులు దొరకును. కాని సాధారణ సెల్లులు త్వరగా చతికిలబడును గావున తిరిగి చార్జి చేసికొను నికెల్ సెల్లులు నాలుగు కొని యుంచుకొనుట మేలు.

లెన్సు ముందుకు సాగి దూరపు వస్తువును దగ్గరకు తెచ్చు సౌకర్యము మరియొకటి. సెల్ ఫోనులలో చౌకరకములకు ఈ శక్తి లేదు. అవి బొమ్మను కత్తిరించి పెద్దది చేసి చూపును. అయిదు రెట్ల సాగుడు గల కాంపాక్టు పగటి వెలుగులో తాపీ నది ఆవలి గట్టును, గోపురము మీది బొమ్మను చక్కగా పట్టును. పెట్టెపై వ్రాసియుండు డిజిటల్ జూము అంకెను మాత్రము నమ్మరాదు. అదియు కత్తిరింపు పనియే.

గుణములన్నియు పగటి వెలుగులో కానవచ్చును. దోషములు సాయంకాలమున బయలుపడును. ఉగాది ఉత్సవము ఏదేని కల్యాణమంటపములో జరుగుచుండును. వేదికపై చిన్నపిల్లలు కూచిపూడి నాట్యమాడుచుందురు. పదునైదవ వరుసలో కూర్చుండిన తండ్రి కెమెరా సాచి జూము చేయును. వచ్చు బొమ్మలో ముఖము మసక, చేతులు చారలు. ఇది తండ్రి చేతి వణుకు కాదు. ఈ తరగతి కెమెరాలలో కాంతిని గ్రహించు పలక సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే కలది. చిటికెన వ్రేలి గోటికంటె చిన్నది. పూర్వపు 35 మి.మీ. ఫిల్ము గడి వైశాల్యములో దాదాపు ముప్పదియవ వంతు. దానికి తోడు లెన్సు పూర్తిగా సాగినపుడు లోనికి వచ్చు వెలుతురు ఇంచుమించు నాలుగవ వంతునకు పడిపోవును. వెలుతురు చాలక కెమెరా తలుపును ఎక్కువ సేపు తెరచియుంచును. ఆ వ్యవధిలో పిల్ల గిరగిర తిరిగిపోవును. ఫ్లాష్ వెలిగించినను దాని వెలుగు మూడు నాలుగు మీటర్లు దాటదు. ముందు వరుసలవారి తలలు మాత్రము తెల్లగా వెలుగును. నేటి మధ్యరకపు సెల్ ఫోనులలో పెక్కింటి పలక దీనికంటె పెద్దది. పైగా అవి క్షణములో అనేక చిత్రములు తీసి ఒక్కటిగా కలుపుకొనును. గావున చీకటి వేళ సెల్ ఫోనుదే పైచేయి యని ఒప్పుకొనవలసినదే. కాంపాక్టునే వాడదలచినవారు జూము మాని, లేచి, వేదిక దగ్గరకు నడచుట మంచిది. మెగాపిక్సెలుల సంఖ్యను చూచి మురియుటయు వ్యర్థమే. ఆల్బములో అతికించు నాలుగు అంగుళముల, ఆరు అంగుళముల ప్రింటునకు రెండు మెగాపిక్సెలులు చాలును. అంగడిలో పేరులేని కెమెరాలపై 48 అని అచ్చొత్తియుండును. వానిలో పెక్కు చిన్న బొమ్మను సాగదీసి ఆ సంఖ్యను పూరించునవే.

సచిన్ వంటి ఊరిలో మరియొక చిక్కు. మరమగ్గముల నుండి లేచు సన్నని పీచు గాలిలో తేలుచుండును. ఫ్లాష్ లెన్సునకు అతి సమీపమున నుండుటచే కెమెరా ముందరి రేణువులు వెలుగును తిరుగగొట్టి బొమ్మలో గుండ్రని తెల్లని మచ్చలై కనబడును. వానిని చూచి ఇంట గాలి సోకినదని భయపడి దిష్టి తీయించినవారు కలరు. దుమ్మునకు తీసిన దిష్టి దుమ్మునకు తగులదు. ఫ్లాష్ మాని కిటికీ వెలుతురున తీసిన మచ్చలు పోవును. ఆ పీచే, లేదా డూమస్ సముద్రతీరపు ఇసుకయే, ముందునకు వెనుకకు సాగు లెన్సు గొట్టము సందున జొచ్చినచో కెమెరా మొరాయించును. తెరపై లెన్సు లోపమని కనబడును. బాగుచేయించు కూలి పలుమార్లు కెమెరా వెలను మించును. చౌకవస్తువునకు ఈ గతి తప్పదు. జిప్పు గల చిన్న సంచి నూరు రూపాయల ఖర్చు. అది లేక కెమెరాను సముద్రతీరమునకు కొనిపోరాదు.

ఇంతవరకు చెప్పినవి కొనునాటి దోషములు. వీనికంటె పెద్ద దోషము ఏండ్లు గడచిన పిదప తెలియును. పండ్రెండు బొమ్మల కెమెరా ఉన్నంతకాలము ఏ బొమ్మ ఎవరిదో ఇంటివారికి తెలియుచుండెను. కార్డుపై రెండువేల బొమ్మలు పట్టు కాలములో ఎవరును వెనుదిరిగి చూడరు. కార్డు నిండును. నిండిన కార్డు డ్రాయరులో పడును. కెమెరా పాడగును. కార్డును చదువు యంత్రము దొరకదు. కెమెరాను కొనుటకు అయిన వెల చౌకయే. అందలి బొమ్మలను కాపాడుకొనుటకు పట్టు శ్రమ చౌక కాదు. ఆ లెక్క వేసికొననివారు మొదటి వెల యెంత తక్కువైనను నష్టపోవుదురు.

నష్టమనగా నేమో ఈ సచిన్ చరిత్రలోనే ఒక తార్కాణము కలదు. 1791లో ఏర్పడిన సచిన్ సంస్థానమును ఆఫ్రికా మూలము గల సిద్దీ నవాబులు 1948లో భారతదేశమున కలియువరకు ఏలిరి. ఆ నవాబులలో ఒకరి కుమార్తెయని చెప్పబడు జుబేదా 1911లో సూరతున జన్మించెను. ఆమె తల్లి ఫాత్మా బేగము 1926లో బుల్బుల్-ఎ-పరిస్తాన్ అను చిత్రమునకు దర్శకత్వము వహించి దేశములో తొలి మహిళా దర్శకురాలైనది. జుబేదా 1931లో విడుదలయిన తొలి భారతీయ టాకీ ఆలం ఆరా చిత్రమున నాయిక. పిదప హైదరాబాదునకు చెందిన ధనరాజ్‌గిరుల యింటి కోడలై తెలుగునేలకును చుట్టమైనది. తల్లి తీసిన ఆ చిత్రము నేడు లేదు. కుమార్తె నటించిన ఆలం ఆరా ప్రతియు ఒక్కటైన మిగులలేదు. కొన్ని నిశ్చలచిత్రములు మాత్రము నిలిచినవి. వేలమంది టిక్కెట్టు కొని చూచిన చిత్రమునకే ఈ గతి పట్టగా, డ్రాయరులోని కార్డునకు ఎవరు పూచీ?

కాగితపు ఆల్బమే శ్రేయమనువారికి 2006 ఆగస్టు మాసము సమాధానము చెప్పును. ఉకాయి ఆనకట్ట నుండి వదలిన నీటితో తాపీ పొంగి సూరతు నగరములో అధిక భాగమును ముంచెత్తెను. నేల అంతస్తున నున్న ఇండ్లలో పెట్టెలు, ట్రంకులు నానిపోయినవి. నీట తడిసి అంటుకొనిన ఆల్బము పుటలను విడదీయ యత్నించిన ముఖములు పుటతోపాటు ఊడివచ్చును. అట్టివేళ డిజిటల్ బొమ్మకు గల గొప్ప గుణము తెలియును. దాని ప్రతి మూలమునకు ఏ మాత్రమును తీసిపోదు. సూరతులో ఒక ప్రతి, స్వగ్రామమున అన్నగారి యింట ఒక ప్రతి, కంప్యూటరులో ఒక ప్రతి యున్నచో ఒక నది పొంగినంత మాత్రమున వంశము ముఖములు కొట్టుకొనిపోవు. బదిలీలపై తిరుగు ఉద్యోగికి ఇది మరింత వర్తించును. లారీలో ఎక్కించిన సామానులో ఏ పెట్టె చేరునో, ఏది చేరదో ఎవరు చెప్పగలరు?

ప్రతులు తీయుటలో మూడు చిన్న మెలకువలు కలవు; తెలియక పలువురు నష్టపోవుచున్నారు. కెమెరాలో గడియారము కలదు. ప్రతి బొమ్మతోను తేదీ లోపల నమోదగును. బ్యాటరీ తీసి నెలల తరబడి ఉంచినచో ఆ గడియారము ఆగి, కెమెరా తయారైన కాలపు తేదీకి వెనుకకు పోవును. అప్పుడు 2019 నాటి షష్టిపూర్తి 2008 నాటి బారసాలకు ముందు కూర్చుండును. పుట్టని బిడ్డ తాతగారి ఒడిలో కనబడును. కెమెరా బయటకు తీసిన ప్రతిమారు తేదీ సరిచూడవలెను. రెండవది ప్రింటు కొలత. కాంపాక్టు బొమ్మ నాలుగు పాళ్ల పొడవునకు మూడు పాళ్ల ఎత్తు గలది. స్టూడియో కాగితము మూడునకు రెండు. అచ్చువేయుటలో ఎత్తులో తొమ్మిదవ వంతు తెగిపోవును. వెనుక వరుసలో నిలిచిన మేనమామ తలపాగా, ముందు వరుసలో కూర్చుండిన పిల్లల పాదములు పోవుట ఇందువలననే. తీయునపుడే పైన, క్రింద కొంత చోటు విడువవలెను. మూడవది కార్డు. 2006కు ముందటి కెమెరాలలో పెక్కు రెండు గిగాబైట్లకు మించిన కార్డును గుర్తింపవు. పెద్దది కొని, పనిచేయలేదని కెమెరాను పారవేయుట తొందరపాటు. ఏండ్ల తరబడి విద్యుత్తు తగులక పడియున్న కార్డులో బొమ్మలు చెడు అవకాశము కూడ కలదు గావున కార్డును భోషాణముగా భావింపరాదు.

మరి కొనవలెనా? మంచి సెల్ ఫోను చేతనున్న ఉద్యోగి క్రొత్త కాంపాక్టుకై వేలు పోయుట అనవసరము. ఆ సొమ్ములో నాలుగవ వంతుతో ఏటేట నూరు బొమ్మలు అచ్చువేయించుకొనవచ్చును. పదేండ్ల బాలునకు, లేక సెల్ ఫోను మీటలకు జంకు తల్లిగారికి కొనిపెట్టుట మాత్రము మంచి వ్యయము. మీట యొకటి నొక్కిన చాలునను ధైర్యముతో పెద్దలు తీయు బొమ్మలలో పిల్లలు తీయలేనివి ఉండును. వంటయింటిలో పచ్చడి జాడీల వరుస, పెరటిలోని తులసికోట, నిద్రించు మనుమడు. బీరువా అడుగున కెమెరా ఉన్నవారు కొననే వలదు; దానినే తీసి తుడిచి వాడుకొనవచ్చును. పాతవస్తువుల అంగడిలో కొనువారు బ్యాటరీ ఉబ్బియున్నదా చూడవలెను. లెన్సును పదిమారులు తెరచి మూయవలెను. తెల్లగోడకు ఎదురుగా ఒక బొమ్మ తీసి అందు నల్లచుక్కలున్నవేమో పరికింపవలెను. చార్జరు లేని కెమెరా ఎంత చౌకగా దొరకినను విడిచిపెట్టవలెను.

సంఘము తలచినచో ఇందు ఒక పని చేయవచ్చును. రానున్న ఉగాది నాడు మంటపము వాకిట బల్ల యొకటి, కంప్యూటరు యొకటి, కార్డులు చదువు పరికరమొకటి ఉంచిన చాలును. సభ్యులు డ్రాయరులలోని కార్డులను తెచ్చి ప్రతులు తీసికొందురు. పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఏ ముఖము ఎవరిదో, ఏ యూరో, ఏ యేడో పిల్లలు వ్రాసికొందురు. ఒలింపస్, ఫూజీ సంస్థల పాత కెమెరాలలో వాడిన ఎక్స్.డి. కార్డులను చదువు పరికరము నేడు అంగళ్లలో సులభముగా దొరకుట లేదు. అట్టిది ఎవరి యింటనైన నున్నచో ఆ దినమున వెంట తేగలరు.